సంప్రదాయేతర విద్యార్థులు - విశ్వవిద్యాలయ చదువు ఖర్చు (టెక్కలి ప్రాంతం)

పాఠశాల, ఇంటర్మీడియట్, పట్టా అనే వరుసలో విరామం లేకుండా చదువుకున్నవారిని సంప్రదాయ విద్యార్థులనీ, మధ్యలో చదువు ఆపి కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టినవారిని సంప్రదాయేతర విద్యార్థులనీ అంటారు. ఉద్యోగం చేస్తూ చదివేవారు, పెళ్ళయి పిల్లలు పుట్టాక చదువు కొనసాగించే మహిళలు, వలస వెళ్ళి తిరిగి వచ్చినవారు, కుటుంబంలో రోగిని చూసుకోవడానికి చదువు మానుకున్నవారు ఈ కోవలోకి వస్తారు. శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతాల్లో ఇటువంటివారు పేరున్న విశ్వవిద్యాలయంలో చేరాలనుకున్నప్పుడు ఎదురయ్యే ఖర్చులు, వాటికి దక్కే ప్రతిఫలం, అందుబాటులో ఉన్న మార్గాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ప్రాంత నేపథ్యం

టెక్కలి శ్రీకాకుళం జిల్లాలో కలకత్తా - చెన్నై జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. దీనికి ఈశాన్యంగా పలాస - కాశీబుగ్గ జంట పట్టణాలు, అక్కడినుండి సముద్రతీరం వెంబడి ఇచ్ఛాపురం వరకు ఉద్దానం ప్రాంతం ఉన్నాయి. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ముఖ్యమైన తోటలు. పలాస జీడిపప్పు పరిశ్రమకు, టెక్కలి పరిసరాలు గ్రానైటు క్వారీలకు పేరుపొందాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67.02 శాతం.

ఈ ప్రాంతంలో చదువు మధ్యలో ఆగిపోవడానికి స్థానిక కారణాలు కొన్ని ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలు పెద్దయెత్తున నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటిన తర్వాత కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి, ఒక్క రాత్రి గాలికి కుటుంబాల అనేక సంవత్సరాల ఆదాయం పోయింది. ఉద్దానంలో వ్యాపించిన దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి మరొక కారణం. వ్యాధిగ్రస్తునికి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ అవసరమైతే ఇంట్లో ఇంకొకరు తోడు వెళ్ళవలసి ఉంటుంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. పనికోసం దూర ప్రాంతాలకు వలస పోవడం, ఆడపిల్లలకు ఇంటర్మీడియట్ కాగానే పెళ్ళి చేయడం కూడా చదువు ఆగిపోవడానికి కారణాలే.

చరిత్ర

ఈ ప్రాంతంలో ఉద్యోగం చేస్తూ పట్టా సంపాదించినవారిలో సుప్రసిద్ధుడు గిడుగు వెంకట రామమూర్తి. ఈయన 1863 ఆగష్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించాడు. 1875లో తండ్రి మరణించాడు. మెట్రిక్యులేషన్ పూర్తయ్యాక పై చదువుకు వెళ్ళే వీలులేక 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్ఫై రూపాయల జీతంపై ఉపాధ్యాయుడిగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ఇంటివద్ద ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. ఉత్తీర్ణుడయ్యాడు. మెట్రిక్యులేషన్ నుండి బి.ఏ. వరకు దాదాపు 17 సంవత్సరాలు పట్టింది. తర్వాతి కాలంలో ఈయన సవర భాషా పరిశోధకుడిగా, వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ప్రసిద్ధి చెందాడు. పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సాలో చేరింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట బెజవాడలో ఉండి, 1930లో వాల్తేరుకు మారింది. దీనితో ఉత్తర కోస్తా విద్యార్థులకు మద్రాసు వెళ్ళవలసిన అవసరం తప్పింది. 1972లో ఇదే విశ్వవిద్యాలయం కరస్పాండెన్సు కోర్సులను ప్రారంభించింది. ఈ విభాగమే తరువాత దూరవిద్యా కేంద్రంగా మారింది. టెక్కలిలో ఉంటూ వాల్తేరు విశ్వవిద్యాలయం పేరున్న పట్టా పొందడం దీనితో సాధ్యమైంది.

1982 ఆగష్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇది భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దీని తొలి ఉపకులపతి జి.రామిరెడ్డి, తరువాత 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) కూడా తొలి ఉపకులపతి అయ్యాడు. 1991లో దీనికి డా. బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అని పేరు మార్చారు. పాఠశాల ధ్రువపత్రాలు లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి పట్టా కోర్సులో చేరే అవకాశం కల్పించడం దీని ప్రత్యేకతగా ఉండేది. 2014 రాష్ట్ర విభజన తర్వాత ఈ సంస్థ తెలంగాణ పరిధిలోకి వచ్చింది. కనుక శ్రీకాకుళం జిల్లా విద్యార్థులు దీనిలో చేరేముందు ఆ సంవత్సరపు ప్రవేశ ప్రకటన తమకు వర్తిస్తుందో లేదో చూసుకోవలసి ఉంటుంది.

జిల్లాలోనే ఎచ్చెర్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రం ఉండేది. 2008లో ఇది డా. బి.ఆర్.అంబేద్కర్ విశ్వవిద్యాలయం, శ్రీకాకుళంగా మారింది. పేరు ఒకేలా ఉన్నా ఇది హైదరాబాదులోని సార్వత్రిక విశ్వవిద్యాలయంతో సంబంధం లేని వేరే సంస్థ.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ పనిచేసుకునే పెద్దవారికోసం ఉద్దేశించినది. 1971లో దాని తొలి విద్యార్థులు చదువు మొదలుపెట్టారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం, చదువులో విరామం వచ్చినవారికోసం 1947 నుండి జనరల్ స్టడీస్ పేరుతో ప్రత్యేక కళాశాల నడుపుతున్నది. అందులోని విద్యార్థులు మిగతా విద్యార్థులతో కలిసి అవే తరగతుల్లో కూర్చుంటారు. భారతదేశంలో ఈ పద్ధతి పెద్దగా లేదు. ఇక్కడ విరామం వచ్చిన విద్యార్థి ఇతరులతో సమానంగా ప్రవేశ పరీక్ష రాసి ప్రాంగణంలో చేరాలి, లేదా దూరవిద్యను ఎంచుకోవాలి.

ప్రవేశ అవకాశాలు

కొన్ని సంస్థలు విరామం వచ్చినవారికి అందుబాటులో ఉండవు. 2016లో శ్రీకాకుళం ప్రాంగణాన్ని ప్రారంభించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ట్రిపుల్ ఐటీ) ఇందుకు ఉదాహరణ. పదవ తరగతి ఆ సంవత్సరమే మొదటి ప్రయత్నంలో ఉత్తీర్ణులైనవారికే దానిలో ప్రవేశం.

స్నాతకోత్తర స్థాయిలో పరిస్థితి కొంత మెరుగు. ఆంధ్రప్రదేశ్‌లోని విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశాలకు 2021 నుండి ఉమ్మడి ప్రవేశ పరీక్ష (ఏపీ పీజీసెట్) నిర్వహిస్తున్నారు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ సంస్థల ప్రవేశాలకు సీయూఈటీ-పీజీ ఉంది. ఈ పరీక్ష రాయడానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. ముప్ఫై ఐదేళ్ళ గృహిణి అయినా, నలభై ఏళ్ళ ఉపాధ్యాయుడైనా పట్టా ఉంటే పోటీపడవచ్చు.

పదవ తరగతి లేదా ఇంటర్మీడియట్ పూర్తికానివారికి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ పరీక్షలు నిర్వహిస్తాయి. పట్టా కోర్సుకు ముందు 12 సంవత్సరాల పాఠశాల చదువు ఉండాలన్నది విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నియమం. అందుచేత సార్వత్రిక ఇంటర్మీడియట్ పూర్తిచేసి పట్టాలో చేరడం అన్నిటికంటే భద్రమైన మార్గం.

ఖర్చులోని భాగాలు

విశ్వవిద్యాలయ చదువు ఖర్చు అనగానే బోధనా రుసుము గుర్తుకు వస్తుంది. సంప్రదాయేతర విద్యార్థి విషయంలో ఇది తరచుగా చిన్న భాగమే. ఖర్చును ఈ విధంగా విభజించవచ్చు:

* ప్రత్యక్ష ఖర్చు: ప్రవేశ, బోధన, పరీక్ష రుసుములు, పుస్తకాలు.
* నివాస ఖర్చు: వసతిగృహం, భోజనం. టెక్కలి నుండి విశాఖపట్నం 150 కిలోమీటర్ల పైబడి ఉంటుంది కనుక రోజూ వెళ్ళి రావడం సాధ్యం కాదు. ఎచ్చెర్ల సుమారు 60 కిలోమీటర్లు కాబట్టి బస్సులో వెళ్ళి రావచ్చు, కాని రోజుకు మూడు నాలుగు గంటలు ప్రయాణానికే పోతాయి.
* కోల్పోయే ఆదాయం: చదివే కాలంలో మానుకున్న జీతం లేదా కూలి.
* ఇంటి బాధ్యతల ఖర్చు: పిల్లలను, వృద్ధులను, రోగులను చూసుకునే పని మరొకరికి అప్పగించడం. ఆ మరొకరు కూలి మానుకుంటే అదికూడా చదువు ఖర్చే.
* కాలం: చదువు ముగిసేసరికి మిగిలి ఉండే ఉద్యోగ జీవితం, ఉద్యోగ ప్రకటనల్లోని వయోపరిమితులు.

ఒక ఉదాహరణ

కింది సంఖ్యలు లెక్క వేసే పద్ధతిని చూపడానికి ఊహించినవి మాత్రమే. టెక్కలిలో ఒక ప్రైవేటు పాఠశాలలో నెలకు 12,000 రూపాయల జీతంతో పనిచేసే 28 ఏళ్ళ ఉపాధ్యాయిని ఎం.ఏ. చదవాలనుకున్నదని అనుకుందాం.

ఆమె ఉద్యోగం మాని విశాఖపట్నంలో ప్రాంగణంలో చేరితే రెండేళ్ళలో కోల్పోయే జీతం 2,88,000 రూపాయలు. రుసుములు, పుస్తకాలు 30,000 రూపాయలు. వసతిగృహ ఖర్చు పూర్తిగా చదువు ఖాతాలో వేయకూడదు, ఎందుకంటే ఇంట్లో ఉన్నా భోజనం ఖర్చు తప్పదు. ఇంటికంటే నెలకు అదనంగా 1,500 అవుతుందనుకుంటే 20 నెలలకు 30,000. ప్రయాణాలకు 10,000. మొత్తం 3,58,000 రూపాయలు. ఇందులో రుసుములు, పుస్తకాల వాటా 9 శాతం లోపే. జీతం వాటా 80 శాతం.

అదే ఎం.ఏ.ను ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదివితే రుసుములు, పుస్తకాలు, తరగతులకూ పరీక్షలకూ ప్రయాణం కలిపి 28,000 రూపాయలు అనుకుందాం. రెండింటి తేడా 3,30,000. ప్రాంగణంలో చదవడం వల్ల తరువాతి జీతం నెలకు 10,000 ఎక్కువ వస్తే ఈ తేడా 33 నెలల్లో పూడుతుంది. 3,000 మాత్రమే ఎక్కువ వస్తే 110 నెలలు, అంటే తొమ్మిదేళ్ళకు పైగా పడుతుంది. జీతంలో తేడా ఏమీ రాకపోతే ఎప్పటికీ పూడదు.

వయస్సు ఇక్కడ ముఖ్యమవుతుంది. ముప్ఫై ఏళ్ళకు చదువు ముగించినవారికి అరవై ఏళ్ళ వరకు 360 నెలల సంపాదన మిగిలి ఉంటుంది. నలభై ఏడేళ్ళకు ముగించినవారికి 156 నెలలు మాత్రమే. జీతం లేని గృహిణి విషయంలో కోల్పోయే ఆదాయం కాగితంపై సున్నా కనిపించినా, ఆమె చేసే పనికి మనిషిని పెట్టుకుంటే ఎంత అవుతుందో అంత ఖర్చుగా లెక్కించాలి. జీడిపప్పు పరిశ్రమలో గింజలు కొట్టే, పొర తీసే మహిళలకు చేసిన పనిని బట్టి కూలి ముడుతుంది. వారు తరగతికి, పరీక్షకు వెళ్ళిన ప్రతిరోజు కూలి పోతుంది. జీడితోటలున్న రైతు కుటుంబాల్లో గింజలు ఏరే కాలం మార్చి నుండి మే వరకు ఉండడంతో వేసవి పరీక్షలు పనుల రోజులతో కలిసిపోతాయి.

పట్టా చెల్లుబాటు

ఖర్చు తగ్గించుకునే ప్రయత్నంలో చెల్లని పట్టా తీసుకుంటే రూపాయలతోబాటు సంవత్సరాలు కూడా నష్టపోతారు. దీనికి సంబంధించి కొన్ని ముఖ్యమైన నిర్ణయాలు:

* 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో, మొదటి పట్టా లేకుండా సార్వత్రిక విధానంలో నేరుగా పొందిన స్నాతకోత్తర పట్టా చెల్లదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.
* 2017 నవంబరులో, తగిన అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాల విషయంలో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పునిచ్చింది. అప్పటికే ఉద్యోగాలలో ఉన్నవారు కూడా ఇబ్బందుల్లో పడ్డారు.
* 2022 సెప్టెంబరులో యూజీసీ, గుర్తింపు పొందిన సంస్థలు దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో ఇచ్చే పట్టాలు సాధారణ విధానంలోని పట్టాలతో సమానమని స్పష్టం చేసింది.

ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, న్యాయశాస్త్రం వంటి కోర్సులను దూరవిద్యలో చేయడానికి అనుమతి లేదు. దూరవిద్యలో బి.ఇడి. ఇప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికోసం ఉద్దేశించినది. విశ్వవిద్యాలయాలు దూరవిద్యా కోర్సులను ప్రైవేటు వ్యక్తులకు ఫ్రాంచైజీగా ఇవ్వరాదు. కాబట్టి పట్టణంలోని ఏదో ఒక దుకాణంలో రుసుము కట్టించుకుని, తరగతులు లేకుండా వేరే రాష్ట్రపు పట్టా ఇప్పిస్తామని చెప్పేవారిని నమ్మరాదు. ఏ సంస్థకు ఏ కోర్సులో, ఏ సంవత్సరానికి అనుమతి ఉన్నదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూడవచ్చు.

ఆర్థిక సహాయం

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన బోధనా రుసుముల చెల్లింపు పథకం, తర్వాత వేర్వేరు పేర్లతో కొనసాగింది. ఇది సాధారణ విధానంలో చదివేవారికి మాత్రమే వర్తిస్తుంది, దూరవిద్యకు వర్తించదు. కుటుంబ ఆదాయంతోబాటు విద్యార్థి వయస్సు కూడా అర్హతల్లో ఒకటి కనుక పెద్ద వయసువారు ముందే విచారించుకోవాలి. నియమాలు మధ్యలో మారవచ్చు కూడా. ఉదాహరణకు 2020 డిసెంబరులో వెలువడిన ఉత్తర్వు (జీవో 77) ప్రకారం ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఈ చెల్లింపు ఆగిపోయింది.

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ప్రకారం, ర్యాంకుల ఆధారంగా ఎంపికచేసిన సంస్థలలో ప్రవేశం పొందినవారికి హామీదారు, తాకట్టు లేకుండా విద్యారుణం లభిస్తుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. అంటే, విశ్వవిద్యాలయానికి ఉన్న పేరు ఇక్కడ నేరుగా అప్పు దొరకడానికి ఉపయోగపడుతుంది. అయితే బ్యాంకు రుణం రుసుముకూ వసతికీ సరిపోవచ్చుగాని, కోల్పోయిన జీతాన్ని, ఇంటి ఖర్చును భర్తీ చేయదు.

పరిశోధన వైపు వెళ్ళదలచినవారికి యూజీసీ జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు 2023 నుండి నెలకు 37,000 రూపాయలుగా ఉంది. దీనికి సాధారణ వయోపరిమితి 30 సంవత్సరాలు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వెనుకబడిన తరగతులవారికి (క్రీమీలేయరు కానివారికి) ఐదేళ్ళ సడలింపు ఉంది. అధ్యాపక అర్హతకు మాత్రం గరిష్ఠ వయోపరిమితి లేదు.

పేరున్న సంస్థ వల్ల ప్రయోజనం

ప్రతిఫలం విద్యార్థి చేరదలచిన ఉద్యోగాన్ని బట్టి మారుతుంది. పోటీ పరీక్షల ద్వారా భర్తీ చేసే ప్రభుత్వ ఉద్యోగాలు చాలావాటికి గుర్తింపు పొందిన పట్టా ఉంటే చాలు, అది ఏ విశ్వవిద్యాలయానిదన్నది అడగరు. ఈ కోవలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉద్దానం పక్కనే ఉంది. పలాస మండలం పారసంబ గ్రామానికి చెందిన రోణంకి గోపాలకృష్ణ రైతు కుటుంబంలో జన్మించి, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్యలో పట్టా పొందాడు. తెలుగు సాహిత్యం ఐచ్ఛికాంశంగా, తెలుగు మాధ్యమంలో 2016 సివిల్ సర్వీసుల పరీక్ష రాసి దేశంలో మూడవ ర్యాంకు సాధించాడు. ఫలితాలు 2017 మే 31న వెలువడ్డాయి. ఈ పరీక్షకు సాధారణ వయోపరిమితి 32 సంవత్సరాలు, వెనుకబడిన తరగతులకు 35, షెడ్యూల్డు కులాలు, తెగలకు 37.

ఈ ఉదాహరణను అందరికీ వర్తింపజేయడం సరికాదు. లక్షలమంది రాసే పరీక్షలో ర్యాంకు కొద్దిమందికే వస్తుంది. పైగా గోపాలకృష్ణకు చదువుకున్నంతకాలం ప్రభుత్వ జీతం ఉంది. నిలకడైన ఆదాయం లేని కూలీకి, చిన్న రైతుకు ఆ వెసులుబాటు ఉండదు.

ప్రాంగణంలో మాత్రమే దొరికేవి కొన్ని ఉన్నాయి. ప్రయోగశాలలు, పెద్ద గ్రంథాలయం, పరిశోధన మార్గదర్శకులు, తోటి విద్యార్థుల సాహచర్యం, ప్రాంగణ నియామకాలు దూరవిద్యలో లభించవు. విజ్ఞానశాస్త్రాల పీజీ, పరిశోధన, విశ్వవిద్యాలయ అధ్యాపక వృత్తి, ప్రైవేటు సంస్థల్లో ఉన్నతోద్యోగాలు కోరుకునేవారికి ఇవి అవసరం. ఇంట్లో చదువుకునే చోటు, సమయం దొరకని మహిళలకు వసతిగృహంలోని రెండేళ్ళు తమకోసం చదువుకోగల మొదటి అవకాశం కావచ్చు. దీనిని రూపాయల్లో లెక్కించడం కష్టం. మరోవైపు, తమకంటే పదేళ్ళు చిన్నవారి మధ్య కూర్చోవడం, ఆంగ్ల మాధ్యమానికి అలవాటుపడడం, ఇంటిపై దిగులు కూడా లెక్కలోకి రావలసినవే.

నిర్ణయానికి ముందు చూడవలసినవి

* కోరుకున్న ఉద్యోగ ప్రకటనలో విశ్వవిద్యాలయం పేరు అవసరమా, గుర్తింపు పొందిన పట్టా సరిపోతుందా?
* చదువు ముగిసేనాటికి ఆ ఉద్యోగానికి వయోపరిమితి దాటుతుందా?
* రుసుముతోబాటు కోల్పోయే ఆదాయం, ఇంటి బాధ్యతల ఖర్చు లెక్కించారా?
* ఉద్యోగానికి సెలవు దొరుకుతుందా, లేక రాజీనామా చేయవలసి ఉంటుందా? ప్రభుత్వోద్యోగులు కోర్సులో చేరేముందు శాఖ అనుమతి పొందాలి.
* తుఫాను, అనారోగ్యం వంటి కారణాలతో ఒక సంవత్సరం ఆగిపోతే తిరిగి చేరే వీలు ఆ కోర్సులో ఉందా?
* ఎచ్చెర్ల వంటి దగ్గరి విశ్వవిద్యాలయంలో అదే కోర్సు ఉందా?

2022 నుండి ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి యూజీసీ అనుమతించింది. రెండూ సాధారణ విధానంలోనివైతే తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డురాకూడదు. పట్టాను దూరవిద్యలో పూర్తిచేసి, ఆ మధ్యకాలంలో కొంత సొమ్ము కూడబెట్టుకుని, పీజీకి మాత్రం ప్రాంగణంలో చేరడం మధ్యేమార్గం. దీనివల్ల జీతం వదులుకోవలసిన కాలం ఐదేళ్ళ నుండి రెండేళ్ళకు తగ్గుతుంది. చివరి పట్టా, మార్గదర్శకుల పరిచయం మాత్రం కోరుకున్న సంస్థ నుండే లభిస్తాయి.

ఇవి కూడా చూడండి

* ఆంధ్ర విశ్వవిద్యాలయం
* గిడుగు వెంకట రామమూర్తి
* దూరవిద్య
* ఉద్దానం
* టెక్కలి